సుగ్గికి పోని ఏడు

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉంటుంది మా ఊరు. దీపావళి దాటితే మా వీధిలోకి లారీ వస్తుంది, గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు మనుషుల్ని ఎక్కించుకుపోయేదానికి. ఆ పోవడాన్ని మేము సుగ్గి అంటాం. పెండ్లయి వచ్చినప్పటి నుంచి నేనూ మా ఇంటాయనా ఏ ఏడూ తప్పకుండా పోయినాం. పాప పుట్టినాక దాన్ని మా అత్త దగ్గర విడిచిపెట్టి పోయేవాళ్ళం. తిరిగొచ్చేసరికి ఎండలు ముదిరేవి.

భూమి లేక కాదు. కాలువ నీళ్ళు అందని ఎర్రచేను రెండెకరాలుంది. దాని నిండా పత్తే పెట్టేవాళ్ళం. వాన పడితే పత్తి ఆదోని మార్కెట్టుకు పోయేది, ఆ డబ్బుతో గింజలు కొనుక్కునేవాళ్ళం. పడకపోతే పత్తీ ఉండేది కాదు, గింజలూ ఉండేవి కాదు. అప్పుడు సుగ్గే దిక్కు.

ఒకసారి సుగ్గి నుంచి వచ్చేసరికి మా అత్త బాగా చిక్కిపోయి ఉంది. రవిక భుజాల మీద నుంచి జారుతా ఉంది. ఏ రోగమో ఏమోనని భయపడి ఎమ్మిగనూరు ఆసుపత్రికి పిలుచుకుపోయినాం. డాక్టరమ్మ అన్నీ చూసి, రోగమేం లేదు, కడుపుకు తినడం లేదు, అంతే అన్నది. మా అత్త తల వంచుకుని కూర్చుంది. బస్సులో అడిగితే, నాకు ఆకలి కావడం లేదులేమ్మా అని కిటికీలోంచి బయటికి చూసింది.

నిజం పాప చెప్పింది. రేషన్ స్టోరు బియ్యం నెల చివరిదాకా రావని అవ్వ పొద్దున ఒక్కపూటే తినేదంట. సాయంత్రం పాపకు పెట్టి, తాను ముందే తిన్నానని చెప్పేదంట.

మేము అక్కడ ఎవరి చేనిలోనో మిరపకాయలు కోస్తా ఉంటే ఇక్కడ మా ఇంట్లో మనిషి పస్తు పడుకుంది. రెండెకరాల సొంత భూమి పెట్టుకుని.

ఆ ఎండాకాలమే మా పొదుపు సంఘం మీటింగుకు కోడుమూరు దిక్కు నుంచి ఒకామె వచ్చింది. ఆమెదీ సేద్యమే. ఒకే పంట మీద ఆనుకోకుండా చేనిలో నాలుగైదు రకాలు కలిపి విత్తుకోమని, ఒకటి పోతే ఇంకొకటి నిలుస్తుందని చెప్పింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా అత్త నవ్వింది. మద్దికెరలో వాళ్ళమ్మ వాళ్ళు అట్లనే విత్తేవాళ్ళంట. సజ్జ, కొర్ర, కంది, సాళ్ళ మధ్యన అనుములు, అలసందలు.

మా ఇంటాయన ఒప్పుకోలేదు. సజ్జలు ఎవరు కొంటారు, ఊరంతా పత్తి పెడతా ఉంటే మనం నగుబాటు కావాల్నా అన్నాడు. మా అత్త ఆయనతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఆ పొద్దు మాత్రం అన్నది.

"అమ్మేదానికి కాదురా, తినేదానికి. పత్తిని ఉడకేసుకుని తింటామా?"

మరుసటి రోజు ఆయన, ఒక ఎకరా మీ ఇష్టం, ఇంకో ఎకరా నా ఇష్టం అన్నాడు.

వాన సమయానికే వచ్చింది. రెండు ఎకరాలూ పచ్చగా మొలిచినాయి. ఆ తరవాత మబ్బులు వచ్చినట్టే వచ్చి కర్ణాటక దిక్కుకు పోయినాయి. నెల దాటినా చుక్క లేదు. పత్తి మొక్కలు మోకాలి ఎత్తు కూడా ఎదగకుండానే ఎర్రబడినాయి. ఈ పక్క ఎకరాలో కొర్ర సగం పోయింది. సజ్జ తల వాల్చింది గానీ చావలేదు. కంది అసలు లెక్కే చేయలేదు. ఆలస్యంగా ఒక వాన పడితే సజ్జ మళ్ళీ లేచింది. అలసంద కాయలు కూరకు వచ్చినాయి. దసరా ముందర సజ్జలు నూర్చి ఇంటికి తెచ్చుకున్నాం. మా ఇంటాయన మూట దించి, దాని మీదే కూర్చుని చెంబెడు నీళ్ళు తాగినాడు.

దీపావళి పోయింది. లారీ వచ్చింది. కంది అప్పుడే పూత మీద ఉంది. మా దిక్కు జింకలు ఎక్కువ. మందలు మందలుగా వచ్చి పడతాయి, కావలి లేకపోతే చేను మిగలదు. నేను రానని చెప్పినాను. ఆయనకు ధైర్యం చాలలేదు. సజ్జలు అయిపోతే ఏం చేస్తాం, కందికి పురుగు పడితే ఏం తింటాం అన్నాడు. ఆయన భయంలో తప్పు లేదు. నాకూ ఆ భయమే ఉంది. మీరు పోయి రండి, నేనూ అత్తా చేను చూసుకుంటాం అన్నాను. మూట కట్టిచ్చినాను. లారీ పోతా ఉంటే పాప చెయ్యి ఊపింది. ఆయన ఊపలేదు.

ఆ రోజే పొద్దు వాలే యాళకు నేను చేని గట్టున పాతచీరలు కడతా ఉన్నాను, జింకలు బెదురుతాయని. బాట మీద మూట నెత్తిన పెట్టుకుని ఎవరో వస్తా ఉన్నారు. దగ్గరికి వచ్చేదాకా గుర్తుపట్టలేదు. మా ఇంటాయన.

"ఎమ్మిగనూరులో దిగేసినాను. కూలోళ్ళ మేస్త్రికి సెప్పే వచ్చినాను" అన్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"కంది పూత కండ్లల్లో మెదలబట్టె. పోబుద్ది కాలేదు."

మూట గట్టు మీద పెట్టి, చీర రెండో కొస పట్టుకున్నాడు.

ఆ చలికాలం సుఖంగా గడిచిందని చెప్పను. ముసురు పట్టి కందికాయలకు పచ్చపురుగు పడింది. మందు కొట్టే స్తోమత లేదు. మా అత్త, చెట్టు కింద దుప్పటి పరిచి కొమ్మలు దులపండి, పురుగు రాలుతుంది అన్నది. నలుగురమూ సాలు సాలూ దులిపినాం. రాలిన పురుగుల్ని కోళ్ళకు పోసినాం. మళ్ళీ పడినాయి, మళ్ళీ దులిపినాం. జింకలు ఒక మూల తిననే తిన్నాయి. చివరికి మిగిలిన కందిని కోసి, కట్టెలతో కొట్టి, చాటలతో తూర్పారబట్టినాం. మూటలు ఇంట్లో పెడితే నడిచేదానికి చోటు లేకపోయింది. మా ఇంటాయన వాటి నడుమ ఒళ్ళు ఒంచుకుని పోతా, మొదటిసారి నవ్వినాడు.

ఆ రోజు కందిపప్పు, సజ్జరొట్టె. మా అత్త మా అందరితో కలిసి కూర్చుని తినింది. ఇంకో రొట్టె వెయ్యమ్మా అని అడిగింది. నేను పొయ్యి దిక్కు తిరిగి కూర్చున్నాను, కండ్లల్లో నీళ్ళు కనపడకుండా.

ఆషాఢం వచ్చినా మూటల్లో గింజలు ఉన్నాయి. అంతకు ముందు ఆ నెలలో మా ఇంట్లో జావే కాగేది. ఆ ఏడు మా ఇంటాయన తానే ముందు అడిగి రెండు ఎకరాల్లోనూ కలిపి విత్తినాడు. గట్టు వారగా మాత్రం రెండు సాళ్ళు పత్తి పెట్టుకున్నాడు. అది ఆయన మనసు. పక్క చేని వాళ్ళు అనుముల విత్తనం అడిగితే ఇచ్చినాం. ఇప్పటికీ సుగ్గి లారీ మా ఊరికి వస్తానే ఉంది. వానలు బొత్తిగా తప్పిన ఏడు మాకూ ఎక్కాల్సి రావచ్చు. ఇంతవరకైతే ఎక్కలేదు.

మొన్న శ్రావణంలో అందరం ఉరుకుంద ఈరన్న గుడికి పోయినాం. బస్సులో కాలు పెట్టే సందు లేదు. మా అత్త సీట్లో జరిగి, చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడిన ఒకామెను పక్కన కూర్చోబెట్టుకుంది. యాడ నుంచి వస్తాండావమ్మా, ఏమన్నా తిన్నావా అని అడిగింది. ఆమె జవాబు చెప్పేలోగానే సద్దిమూట విప్పి రొట్టె ఆమె చేతిలో పెట్టింది. మాకు తిరుగు ప్రయాణానికి చాలుతాయా లేదా అని నేను చూసుకోలేదు. బస్సు గుడి దగ్గర ఆగేదాకా వాళ్ళిద్దరూ వానల గురించి మాట్లాడుకుంటానే ఉన్నారు.