చింతపండు తగలని రూపాయి

నందిగామలో వాగ్దేవి టీచరు ఇల్లెక్కడని అడిగితే నలుగురిలో ముగ్గురు బుర్ర గోక్కుంటారు. చిల్లర టీచరు ఇల్లంటే మాత్రం బస్టాండు దగ్గరి ఆటోవాడు కూడా తిన్నగా తెచ్చి గుమ్మం ముందు దింపుతాడు. ఆ పేరు పెట్టింది బడి పిల్లలు కాదు, కట్టుకున్న మొగుడే. తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన కుటుంబరావు గారు ఒకనాడు వీధరుగు మీద కూర్చుని, "అందరి పెళ్ళాలూ బంగారం కొనమంటారు, మా ఆవిడ చెల్లని చిల్లర కొనమంటుంది" అన్నారు. మర్నాటికి ఆ మాట వీధి చివరిదాకా పాకింది. వాగ్దేవికి కోపం రాలేదు సరికదా, ఆ పేరు విని ఎవరైనా పాత డబ్బులు తెచ్చి చూపిస్తారేమోనని ఆశపడింది.

పాతికేళ్ళు సోషల్ చెప్పిన మనిషి. రాజుల పేర్లు పిల్లల బుర్రకెక్కకపోతే ఆ రాజు నాణెం తెచ్చి అరచేతిలో పెట్టేది. "మీ ముత్తాత దీంతో ఏం కొన్నాడో ఇంటికెళ్ళి అడిగి రండి" అనేది. పాఠం కోసం మొదలైన సరదా చివరికి మనిషినే పట్టుకుంది. పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతురి చీర చూడదు. ముసలమ్మల మెడల్లో దండలు చూసి, "పిన్నిగారూ, ఆ కాసు ఒక్కసారి తిప్పండి, వెనక సంవత్సరం చూస్తా" అంటుంది.

ఆవిడ ఆల్బంలో ఐదో జార్జి వెండి రూపాయలు 1912 నుంచి 1920 దాకా వరసగా తొమ్మిదీ ఉన్నాయి. వాటికి ముందున్న ప్లాస్టిక్ జేబు ఒక్కటే పద్నాలుగేళ్ళుగా ఖాళీ. అందులోకి రావలసింది 1911 రూపాయి. ఆ ఏడు కొట్టిన రూపాయి మీద రాజుగారి ఛాతీ దగ్గర వేలాడే చిన్న ఏనుగుకి తొండం మరీ పొట్టిదైపోయింది. జనం కంటికి అది పందిలా కనబడింది. గొడవైతే సర్కారు వాటిని చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించి, మరుసటేడు తొండం బాగా కనబడేలా కొట్టించింది. అందుకే దాన్ని పంది రూపాయంటారు, అందుకే అది తేలిగ్గా దొరకదు.

దొరికినట్టే దొరికి రెండుసార్లు చేజారింది కూడా. మొదటిసారి బెజవాడలో ఒకాయన చూపించిన దాని మీద సంవత్సరం సరిగ్గానే ఉంది గానీ, భూతద్దం పెడితే ఏనుగు తొండం నిక్షేపంలా ఉంది. ఎవరో 1917లో ఏడుని గీకి ఒకటి చేశారన్నమాట. రెండోది వీరులపాడులో. అది అసలైనదే. కానీ ఇంటాయన బేరానికి మనిషి వస్తోందని ముందురోజే గరుకు పీచు పెట్టి అద్దంలా తోమేశాడు. ఆ గీతలు చూసి వాగ్దేవి బస్సులో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. మొన్న శనివారం జగ్గయ్యపేట నుంచి ఫోటో వచ్చేదాకా ఆ జేబు సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఫోటో పంపింది అవినాష్. వాగ్దేవి పేట హైస్కూల్లో పనిచేసిన రోజుల్లో ఆవిడ దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు వాళ్ళ హోల్‌సేల్ కిరాణా కొట్టు నడుపుతున్నాడు. "మేడం, మా దీపావళి లక్ష్మీపూజ డబ్బుల్లో ఇలాంటివున్నాయి, ఏమైనా వస్తాయా?" అని కింద రాశాడు. నల్లగా, బొగ్గుముక్కలా ఉందది. వేళ్ళతో పెద్దది చేసి చూసింది. సంవత్సరం 1911. ఏనుగు మసకగా ఉంది. సంతోషంలో, "రేపు పొద్దున్నే వస్తున్నా" అని మాత్రమే రాసింది. రాయాల్సిన అసలు మాట మర్చిపోయింది.

ఆ మాట ఆదివారం తెల్లారి గుర్తొచ్చేసరికే ఆలస్యమైంది. అవినాష్ వాళ్ళమ్మ కన్యకాపరమేశ్వరి తనే ఫోన్ చేసింది.

"టీచరుగారూ, మీరొస్తున్నారట కదా, టిఫిను మా ఇంట్లోనేనండి. ఆ డబ్బులు మరీ మసిబారి ఉన్నాయి, అలా చూపిస్తే మా ఇంటి పరువేం కావాలి? చింతపండు నానేసా. విభూది కూడా పెట్టి తోమిస్తే మీరొచ్చేసరికి తళతళలాడిపోతాయి."

"పరమేశ్వరిగారూ, వద్దండి, వాటిని—"

"ఆ, ఆ, రండి, పాలు పొంగుతున్నాయి" అని పెట్టేసింది.

వాగ్దేవి మళ్ళీ చేసింది. మోగుతోంది, ఎత్తరు. అవినాష్‌కి చేసింది. అదీ అంతే. కుటుంబరావు గారు కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తున్నారు.

"ఏమయింది?"

"చింతపండు నానేసిందండి."

"పులిహోరా?"

"నా రూపాయికి" అని చెప్పులేసుకుని బయటపడింది. రాత్రంతా నిద్ర లేదు, కాఫీ అయినా తాగలేదు.

పేట బస్సులో కండక్టరుకి ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని పదిసార్లు ఫోన్ చేసింది. చిల్లకల్లు టోల్ గేటు దగ్గర లారీల వెనక బస్సు ఆగితే, పక్క సీటావిడ, "ఆసుపత్రికాండి?" అని జాలిగా అడిగింది. వాగ్దేవి తలూపింది. చెప్తే అర్థమయ్యే జబ్బు కాదు. నాణేనికి పై పొర చర్మం లాంటిది. వందేళ్ళు గాలి తగిలి పట్టిన నలుపు కింద, టంకశాలలో పడ్డ మెరుపు దాక్కుని ఉంటుంది. పులుపు పోసి తోమితే రెండూ కలిసి పోతాయి. పైకి కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది, తెలిసినవాడు మాత్రం వెండి ధర చెప్పి పక్కన పెడతాడు.

పరమేశ్వరి ఇల్లు కొట్టు వెనకే. గుమ్మంలో అడుగు పెట్టగానే పెరటి వైపు నుంచి చింతపండు పులుసు వాసన కొట్టింది. గిలక బావి పక్కన పీట మీద తెల్ల తువ్వాలు, దాని మీద అయిదు రూపాయలు ఎండకి ధగధగా మెరుస్తున్నాయి.

"ఎలా ఉన్నాయండి?" అంది పరమేశ్వరి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

వాగ్దేవి పీట ముందు కూలబడి ఒక్కోటి తిప్పింది. 1914. 1916. ఇంకో 1916. 1918. 1919. మళ్ళీ మొదటినుంచీ తిప్పింది.

"అవినాష్ ఫోటో తీసింది ఇందులో లేదండి."

"అన్నీ ఒకే రాజు కదండీ, ఏదైతేనేం?"

"ఇంకోటి ఉండాలి. నల్లగా."

పరమేశ్వరి మొహం అటు తిప్పుకుంది. "అది మీకు చూపించకూడదనుకున్నా. మరీ మాడిన అట్టులా ఉందండి. మిగతావాటితో కలిపి నానేస్తే ఆ నలుపు వీటికి పట్టుద్దేమోనని తీసి పక్కన పెట్టా. వీటి తర్వాత విడిగా తోముదామని. ఈలోగా మీరొచ్చేశారు."

"ఎక్కడ పెట్టారు?"

వంటింటి గూట్లో, బోర్లించిన స్టీలు గిన్నె కింద ఉంది. వాగ్దేవి అంచు పట్టుకుని తీసింది. తడి లేదు. పులుపు వాసన లేదు. అప్పటికి ఊపిరి వదిలింది గానీ పూర్తిగా కాదు. తోమకపోతే చాలదు, అసలైనది కావాలి.

వీధి వసారాలో వెలుతురుకి కూర్చుని భూతద్దం తీసింది. పరమేశ్వరి భుజం మీదకి వంగింది.

"మీరు చూస్తోందేంటండి?"

"ముందు ఎత్తుగా ఉన్నవి చూడాలి. అరిగితే అవే ముందు అరుగుతాయి. కిరీటం మీద ముత్యాలు, కనుబొమ్మ, చెవి. ఇవన్నీ విడివిడిగా ఉన్నాయి చూడండి. అక్షరాల సందుల్లో ఇంకా మెరుపుంది. చేతులు పెద్దగా మారలేదు ఇది. ఇప్పుడు ఏనుగు." వాగ్దేవి గొంతు తగ్గింది. "తొండం కురచ."

పరమేశ్వరి భూతద్దం లాక్కుని చూసింది. "అయ్యో, నిజంగానే పందండి. దీన్నా ఇన్నేళ్ళూ లక్ష్మీదేవి పక్కన పెట్టి పూజ చేసా?"

"అమ్మవారేమీ అనుకోలేదు కదా, ఇన్నేళ్ళు చల్లగానే చూసింది."

నవ్వుతూనే వాగ్దేవి అంచు తిప్పి చూసింది. నవ్వు ఆగిపోయింది. పైన, కిరీటానికి సరిగ్గా ఎదురుగా, అంచు మీద గట్టిగా ఒక ముద్ద అంటుకుని ఉంది. దండకి కుట్టడానికి కొక్కెం అతికించి, తర్వాత ఊడదీస్తే అచ్చం అక్కడే, అచ్చం అలాగే అతుకు మిగులుతుంది. అతుకున్న నాణెం ఎంత అందంగా ఉన్నా సగం ధర కూడా పలకదు.

"దీన్నెవరైనా మెడలో వేసుకున్నారా?"

"మా అత్తగారి అమ్మమ్మకి రూపాయల దండ ఉండేదంటారండి. అందులోదో కాదో తెలీదు. దాందేముంది గానీ, ఈ అయిదూ రెండేసి వేలకి తీసుకోండి. ఆ నల్లది ఊరికే పట్టుకెళ్ళండి."

ఊరికే. ఆ మాట విన్నాక వాగ్దేవి ఆ ముద్దని మరోసారి వేలితో తడిమింది. తర్వాత, "ఊరికే ఇచ్చే వస్తువు కాదండి ఇది. కొంచెం దూదీ, మంచినీళ్ళూ ఇస్తారా?" అంది.

తడిపిన దూదిని తోమకుండా, రుద్దకుండా, ఆ ముద్ద మీద ఆనించి ఉంచింది. అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. అరవై దాటాక తీసి చూస్తే దూది ఎర్రగా ఉంది.

"కుంకమ" అంది పరమేశ్వరి.

"కుంకమే." ఇంకో రెండుసార్లు ఆనించేసరికి ఆ ముద్ద కరిగి, కింద అంచు గీతలు ఒకదాని పక్కన ఒకటి చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. కొట్టులో యాలకులు తూచే చిన్న కాటా తెప్పించి పెడితే పదకొండు గ్రాముల అరవై పాయింట్లు చూపించింది. పాత తులం ఎత్తు రూపాయి ఇంచుమించు అంతే తూగాలి. వాగ్దేవి గోడకి జారబడి, "ఇప్పుడు మంచినీళ్ళు తాగుతానండి" అంది.

సరిగ్గా అప్పుడే అవినాష్ వచ్చాడు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర సరుకు లారీ ఆగిపోతే వెళ్ళాడట, ఫోన్ బండి డిక్కీలో ఉండిపోయిందట.

"ఎంతొస్తుంది మేడం? యూట్యూబ్‌లో ఒకాయన పది లక్షలన్నాడు."

"అయితే ఆయన్నే కొనమను నాన్నా. నేను పదకొండు వేలిస్తా. బజార్లో ఇలాంటి బాగున్నదానికి ఇంచుమించు అంతే. కావాలంటే బెజవాడలో ఇంకో ఇద్దర్ని అడుగు, ఆగుతా. తోమకుండా మాత్రం ఉంచు."

"మరి ఈ అయిదూ?" అంది పరమేశ్వరి.

"వెండి లెక్క. మీ పూజకే ఉంచుకోండి."

"ఆ బొగ్గుముక్కకి పదకొండు వేలూ, నేను పొద్దున్నుంచీ నడుం విరిగేలా తోమినవాటికి ఏమీ లేదా? మీ చదువులు నాకెక్కవమ్మా" అంది పరమేశ్వరి. కొడుకు ఫోన్లో డబ్బులు పడ్డ మోత విన్నాక మాత్రం ఉప్మా పెసరట్టు ఇంకోటి వేసింది.

మధ్యాహ్నం బెజవాడ బస్సెక్కి, కాగితం కవరులో పెట్టిన రూపాయిని చేతిసంచీలో అడుగున దాచి, సంచీని ఒళ్ళో రెండు చేతులా పట్టుకుంది వాగ్దేవి. చిల్లకల్లు దాటడం తెలుసు. ఆ తర్వాతేమీ తెలీదు.

"అమ్మా, ఎక్కడ దిగాలి మీరు?" కండక్టరు భుజం తట్టకుండా సీటు తట్టి లేపాడు.

"నందిగామ."

"అది దాటి చాలాసేపైందండి. ఇది కంచికచర్ల."

ముందు సంచీ తడుముకుంది. కవరుంది, అందులో గుండ్రంగా రూపాయుంది. దిగి, హైవే దాటి, అవతలి వైపు బస్సు కోసం నిలబడితే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావే?" అన్నారు కుటుంబరావు గారు.

"కంచికచర్లలోనండి."

"పేటకని వెళ్ళి కంచికచర్లలో తేలడమేంటి?"

"బస్సులో నిద్రపట్టేసింది."

ఆయన గొంతు మెత్తబడింది.

"నిద్రపట్టిందంటే మంచిదే దొరికిందన్నమాట. మెల్లగా రా, అన్నం నేను వండేసా."