గ్లాసు ఎత్తి పెట్టే నమస్కారం

మా తమ్ముడి ఎడమ కంట్లో పువ్వు వేసి రెండేళ్లు దాటింది. ఆ కంటికి వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. కైకలూరులో వాడికి చేపల మేత కొట్టుంది. పొద్దున్న కొట్టు చూసుకుని, మధ్యాహ్నం నుంచి బండి మీద చెరువుల గట్లమ్మట తిరుగుతాడు. ఏ చెరువులో చేప మేత ఎలా తింటోందో కళ్లారా చూస్తే గాని వాడికి తోచదు. ఒక సాయంత్రం గట్టు మీద వస్తుంటే పెంకుపురుగొకటి వచ్చి కంట్లో కొట్టుకుంది. మేత బస్తాలు ఎత్తిన చేత్తోనే నులుముకున్నాడు. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద పుండు లేచింది. ఏలూరులో డాక్టరు గారు నెలల తరబడి వైద్యం చేసి పుండైతే మాన్పారు గాని, చూపు నిలబెట్టలేకపోయారు.

ఆఖరిసారి చూపించడానికి వెళ్లినప్పుడు నేనూ పక్కనున్నాను. ఆయన వాడి వంక చూడకుండా నాతో చెప్పారు.

“ఇంక మీ తమ్ముడికి మిగిలింది ఒక్క కన్నండి. దానికేమైనా అయితే నేను చెయ్యగలిగింది లేదు. హెల్మెట్ గ్లాసు దించుకోకుండా బండెక్కనివ్వకండి.”

తాడేపల్లిగూడెంలో మా ఆయనా నేనూ నడిపేది హెల్మెట్ల కొట్టే. ఆ సంగతి డాక్టరు గారికి తెలీదు. పురుగు కొట్టిన రోజు తమ్ముడు పెట్టుకున్న హెల్మెట్ నేనిచ్చిందేనన్న సంగతీ తెలీదు. దాని గ్లాసు వదులుగా ఉండేది. ఎత్తితే నిలబడదు, దించితే కుదురుగా ఉండదు. గట్టు మీద చక్రం గుంటలో పడ్డప్పుడల్లా టపటపా కొట్టుకునేది. విసుగొచ్చి వాడు సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కోసి, గ్లాసుని పైకెత్తి కట్టేశాడు. మా కొట్లో కొన్న హెల్మెట్లకి అలా ట్యూబు ముక్కలు కట్టుకుని తిరిగేవాళ్లని ఎంతమందిని చూశానో. చూసి నవ్వుకున్నానే తప్ప, అందులో నా తప్పేమైనా ఉందని అంతకుముందు తోచలేదు.

నేను చదివింది పదో తరగతి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయంలోనే. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక రెండు గంటలు వెళ్లి కూర్చుంటాను. మొదట్లో తెలుగు పుస్తకాలే చదివేదాన్ని. అవి అయిపోతున్నాయనిపించాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మొదలుపెట్టాను. రోజుకి పేజీ, ఒక్కోరోజు అరపేజీ. గ్రహాల గురించీ, గొడ్ల జబ్బుల గురించీ, వంతెనల గురించీ, ఏది దొరికితే అది. మా ఆయన వేళాకోళం చేస్తుంటారు గాని, నేను లేని ఆ రెండు గంటలూ కొట్టు చూసుకునేదీ ఆయనే.

ఏలూరు నుంచి వచ్చిన మర్నాడు గ్రంథాలయంలో ఒక పాత బీరువా తీయించాను. ప్రమాదం మధ్య పనిచేసేవాళ్ల దుస్తుల గురించి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం అందులో ఉందని నాకు గుర్తు. మంటలార్పేవాళ్లు, సముద్రంలో మునిగేవాళ్లు, యుద్ధ విమానం నడిపేవాళ్లు. పైలెట్ హెల్మెట్ దగ్గర ఆగాను. విమానం చెడి పైలెట్ ఉన్నపళంగా బయటికి ఎగిరిపోవాల్సి వస్తే, ఎదురుగాలి ముఖం మీద గోడలా కొడుతుందట. ఆ గాలికి కళ్ల ముందున్న గ్లాసు లేచిపోకూడదు. అందుకని దానికి తాళం లాంటిది పెట్టారు. హెల్మెట్ నడినెత్తిన గాడి ఒకటి, ఆ గాడి అంచుకి లోపలివైపు పళ్లు. గ్లాసు పై అంచున బుడిపె ఒకటి, ఆ బుడిపెకి చిన్న పన్ను. లోపలి స్ప్రింగు ఆ పన్నుని గాడి పళ్లల్లోకి ఎగదోసి ఉంచుతుంది. బుడిపె నొక్కితే పన్ను దిగి గ్లాసు జారుతుంది. వదిలితే, ఉన్నచోటే బిగుసుకుంటుంది. కింద, పైన, మధ్యలో, ఎక్కడ కావాలంటే అక్కడ. తడుముకోకుండా, చూడకుండా, తొడుగు వేసుకున్న ఒక్క చేత్తో అయిపోవాలని కూడా రాసుంది.

ఆ బొమ్మ నోటు పుస్తకంలో దించుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. పైలెట్ కన్ను కాపాడేది మా తమ్ముడి కన్ను కాపాడదా?

మా కొట్టు వెనక వీధిలో లేత్ పని చేసే మేస్త్రి గారున్నారు. బొమ్మ చూపిస్తే, విమానం కూడా ఇక్కడే చేయిస్తారా అండి అన్నారు. గాడికి కిటికీ అల్యూమినియం పట్టీ వాడాం. హెల్మెట్ వంపుకి అది వంగక రెండుసార్లు విరిగింది. డొప్పకి బెజ్జం వేస్తే దాని బలం పోతుందని చదివాను కాబట్టి, పట్టీని గమ్ముతోనే అతికించాలని పట్టుబట్టాను. బుడిపె ఇత్తడితో చేశారు. పళ్లు మాత్రం నేనే కూర్చుని ఆకురాయితో అరగదీశాను. గ్లాసు నల్లది వేశాను. పుస్తకంలో బొమ్మకి నల్లదే ఉంది మరి.

మా గూడెంలో యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే ఒకటుంది. ఇప్పుడు దాని మీద జనం పొద్దున్నే నడుస్తారు, కార్లు నేర్చుకుంటారు. నేను స్కూటరు నేర్చుకున్నదీ అక్కడే. ఆ హెల్మెట్ పెట్టుకుని, రన్‌వే మీద స్కూటరు వెళ్లగలిగినంత జోరుగా వెళ్లాను. గ్లాసు కదల్లేదు. పగుళ్లల్లో చక్రం పడినా చెక్కు చెదరలేదు. చివర నిలబడ్డ మా ఆయన తువ్వాలు ఊపుతూ, “ల్యాండింగ్ బాగా చేశారండి పైలెట్ గారూ” అన్నారు. నడకకొచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు ఆగి మరీ చూశారు. నాకు సిగ్గు వెయ్యలేదు.

హెల్మెట్ పంపించాక రోజూ ఫోన్‌లో అడిగేదాన్ని. బ్రహ్మాండంగా ఉందక్కా అనేవాడు. మూడు వారాలాగి నేనే కైకలూరు వెళ్లాను. బస్టాండుకి వచ్చి బండెక్కించుకున్నాడు. ఊళ్లో ఉన్నంతసేపూ గ్లాసు దించే ఉంది. గట్టు మీదికి తిరిగామో లేదో, ఎదురుగా సైకిల్ మీద ఒక ముసలాయన వస్తున్నారు. తమ్ముడు ఎడం చేత్తో బుడిపె నొక్కి గ్లాసు పైకి తోశాడు. బండి నెమ్మది చేసి, “బాగున్నారాండీ” అన్నాడు. ఆయనా ఆగి, మేత బాగానే తింటున్నాయబ్బాయ్ అని చెప్పి వెళ్లారు.

గ్లాసు మళ్లీ దిగలేదు.

అర ఫర్లాంగు దాటాక ఇంకొకరు. చెరువు కాపలా పాక దగ్గర ఇంకొకరు. తూము దగ్గర ఇద్దరు. మా వైపు ఎదురైన పెద్దవాళ్లని పలకరించకుండా పోవడం ఉండదు. ముఖం కప్పుకుని పలకరించడం అసలే ఉండదు. తలపాగా చుట్టుకున్నవాళ్లు కూడా చెంగు ముఖం మీంచి తప్పించి మాట్లాడతారు. ఇంతమందికి ఇన్నిసార్లు ఎత్తి దించడం ఎవరివల్ల అవుతుంది? మొదటి మనిషికి ఎత్తిన గ్లాసు ఇల్లు చేరేదాకా పైనే ఉంది. నేను అరగదీసిన పళ్లల్లో బుడిపె గట్టిగా కూర్చుంది. గుంటలకి కూడా జారలేదు. నా తాళం చక్కగా పనిచేస్తోంది. ట్యూబు ముక్క చేసే పనే అది కూడా చేస్తోంది, దానికంటే బాగా.

పొద్దు వాలుతోంది. నీళ్ల మీద పురుగులు పొగలా లేచాయి. వాడి వెనక కూర్చుని బండి అద్దంలో ఆ కుడి కన్ను వైపే చూస్తూ ఉన్నాను. వాడు రెప్పలు సగం మూసి నడుపుతున్నాడు. ఇంటికి చేరేదాకా నోరు విప్పలేదు. విప్పాక ఊరుకోలేదు. డాక్టరు గారు ఏమన్నారో గుర్తుందా అన్నాను. రోజూ ఫోన్‌లో నాకు అబద్ధం చెప్పావా అన్నాను. వాడు బండి స్టాండు వేసి, హెల్మెట్ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

“మొదటి వారం దించుకునే తిరిగానక్కా. నాన్నతో కలిసి చదివిన ఆయన ఉన్నారు చూడు, పెద్ద చెరువాయన. రెండుసార్లు ఎదురైతే తల మాత్రం ఊపాను. మూడోసారి బండికి అడ్డంగా నిలబడి, కన్ను పోయింది సరే, మనుషులు కూడా కనపడ్డం లేదా అబ్బాయ్ అన్నారు.”

హెల్మెట్ నా చేతుల్లో పెట్టాడు.

“ఈ నల్ల గ్లాసు వెనకాల ఉంటే, కన్ను దాచుకుంటున్నాననుకుంటున్నారే. నేనేమీ దాచుకోవట్లేదు.”

మర్నాడు తిరుగు బస్సులో ఆ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏలూరు వచ్చేదాకా వాడి మీద కోపం. ఏలూరు నుంచి గుండుగొలను దాటేదాకా ఆ పెద్దాయన మీద కోపం. ఆ తర్వాత ఇంక కోప్పడ్డానికి నేనే మిగిలాను. ఆకాశంలో పైలెట్‌కి ఎదురొచ్చి కుశలం అడిగేవాళ్లు ఎవరూ లేరు. అతని తాళం అతని దారికి తగ్గట్టు చేశారు. మా తమ్ముడి దారి ఎలాంటిదో నాకు తెలుసు. ఆ గట్ల మీద నేనూ తిరిగాను. తెలిసి కూడా పుస్తకంలో బొమ్మని పన్నుకి పన్ను దించేశాను. చదివింది చదివినట్టు చేసి చూపించాలన్న మోజులో, చదవకుండానే తెలిసింది మర్చిపోయాను. గ్రంథాలయం మీద నాకున్న గౌరవం దీంతో తగ్గలేదు. బొమ్మ దించుకోవడాన్నే చదవడమనుకున్నానని మాత్రం తెలిసింది.

మళ్లీ బీరువా తీయించాను. ఈసారి నిదానంగా చదివితే, తొందరలో తిప్పేసిన పేజీలో ఇంకో సంగతి కనిపించింది. కొన్ని పైలెట్ హెల్మెట్లకి గ్లాసులు రెండు, ఎండకి నల్లదీ, మామూలప్పటికి తెల్లదీ, దేని తాళం దానిదే. తెల్లది వేస్తే ముఖం కనిపిస్తుంది కదా అనుకున్నాను. కాని అది సగమే. ముఖం కనిపించినా, పెద్దాయన ముందు గ్లాసు ఎత్తకుండా మా వాడు పోడు. పోకూడదు కూడా. ఎత్తాలి. ఎత్తినది దానంతటదే దిగాలి.

వేరే పుస్తకంలో చదివిన ఒక సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇనప తొడుగుల కాలంలో సిపాయిలు ఒకరికొకరు ఎదురైతే, ముఖం మీది ఇనప రేకు చేత్తో ఎత్తి చూపించుకునేవారట. సెల్యూట్ అందులోంచే పుట్టిందని కొందరంటారట. నిజమో కాదో చెప్పలేమని ఆ పుస్తకమే రాసింది. నిజం కాకపోయినా నాకు పనికొచ్చింది. సెల్యూట్ చేసిన చెయ్యి ఎంతోసేపు అక్కడే ఉండదు. దించేస్తారు.

ఆకురాయి తీసుకుని, మూడు రోజులు కూర్చుని చెక్కిన పళ్లన్నీ ఒక పూటలో నున్నగా అరగదీసేశాను. అన్నిటికంటే కిందిది ఒక్కటే ఉంచాను. నల్ల గ్లాసు తీసి తెల్లది వేశాను. ఇప్పుడు గ్లాసు కింద బిగుసుకుంటుంది. పైన ఎక్కడా నిలబడదు. చెయ్యి పట్టుకున్నంతసేపే పైనుంటుంది, వదలగానే జారి తన గూట్లో పడాలి. కాని దానంతటదే జారడానికి బరువు చాలలేదు. రెండువైపులా కిందికి లాగేదేదైనా కావాలి. తమ్ముడి పాత హెల్మెట్ కొట్లో మూలన పడుంది. దానికున్న ట్యూబు ముక్క విప్పి, రెండు పేలికలుగా కోసి, గ్లాసుకి అటూ ఇటూ కట్టాను. మేస్త్రి గారు చూసి, ఇంత కష్టపడి చేసిన పళ్లు తీసేశారేంటండీ అని బాధపడ్డారు.

తమ్ముడికి ఇచ్చినప్పుడు ఎక్కువ చెప్పలేదు. నమస్కారం చేసినంతసేపే ఎత్తు, చెయ్యి హ్యాండిల్ మీదికి రాగానే అదే దిగుతుంది అన్నాను. ఎత్తి చూశాడు. వదిలాడు. టక్‌మని పడింది. మళ్లీ ఎత్తాడు.

“పెద్ద చెరువాయన ఎక్కువసేపు మాట్లాడితే?”

“బండి ఆపి, హెల్మెట్ తీసి మాట్లాడు. పెద్దవాళ్లతో అలాగే మాట్లాడాలి.”

ఆ తర్వాత నెలలో వెళ్లినప్పుడు మళ్లీ వాడి వెనక కూర్చున్నాను. గట్టు మీద పెద్ద చెరువాయనే ఎదురొచ్చారు. తమ్ముడి ఎడం చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది, గ్లాసు లేచింది, రెండు కళ్లూ ఆయన వైపు తిరిగాయి. “నమస్కారమండీ.” ఆయన కూడా కర్ర చంకలో పెట్టుకుని, నుదుటికి చెయ్యి తాకించి, అచ్చం మిలిటరీ వాడిలా నిలబడ్డారు. గట్టు మీద ఇప్పుడు అందరూ వాడికి అలాగే బదులిస్తున్నారట. తమ్ముడి చెయ్యి దిగింది. టక్.

మొన్న కొట్టుకొచ్చాడు, గ్లాసు మసకబారింది, మార్చాలని. కొత్తది వేసి పంపించి, పాతది కిటికీ వెలుగుకి పట్టుకుని చూశాను. ఎడమవైపు కంటే కుడివైపు ఎక్కువ అరిగినట్టు నాకే అనిపించిందేమో తెలీదు. ఎండి అతుక్కున్న పురుగుల మరకలూ, సన్నటి గీతలూ ఉన్నాయి. కుడికన్ను ఉండేచోట, సరిగ్గా మధ్యలో, కంకరరాయి తగిలి నక్షత్రంలా చిట్లిన మచ్చ ఒకటుంది. ఎప్పుడు తగిలిందిరా అని ఫోన్ చేసి అడిగితే, ఏమోనక్కా చూసుకోలేదు అన్నాడు.

పాత గ్లాసులు చెత్తలో వేస్తాం. దాన్ని మాత్రం తుడవకుండా, గల్లాపెట్టె వెనక గోడకి మేకు కొట్టి తగిలించాను.