జ్వరం లేని గది

1978 జూలై 10, సోమవారం, పొద్దున తొమ్మిదింపావుకి ఢిల్లీలో మా కాలేజీ హాస్టల్ గేటు ముందు ఆటో దిగాం. నేను, మా పెద్దమ్మ, ఒక రేకు పెట్టె, ఒక పరుపుచుట్ట, కొబ్బరినూనె సీసా, రెండు ఆవకాయ జాడీలు. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, పెద్దమ్మ నర్సు. ఆమె గడియారం చేతికి ఉండేది కాదు, డ్యూటీ లేని రోజున కూడా పిన్నుతో ఎదమీద వేలాడేది. ఆమె చూసి చెప్పేది, నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది.

పెద్దమ్మ గుంటూరు నుంచి ఇక్కడి ఆసుపత్రికి వచ్చింది ఆ ఏడాది ఏప్రిల్లోనే. నేను వచ్చి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ ఆమె క్వార్టర్లోనే ఉన్నాను. ఉన్నది ఒకటే గది. నాలుగున్నరకి లేచి ప్రార్థన. అయిదింటికి నాలుక చాపి చూపించాలి. ఆదివారం గుడికి వెళ్లి వచ్చాక ఆముదం. ఆమె వార్డులో పేషెంట్లయితే ఏదో ఒకరోజు డిశ్చార్జి అవుతారు, నాకు ఆ ఆశ కూడా లేదు. అందుకే హాస్టల్లో సీటు వచ్చిందన్న కబురు తెలియగానే గంతులు వేశాను. పెద్దమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది.

"చూడవే, హాస్టలని అట్టా ఎగరబాక. ప్రతి ఆదివారం వస్తా. నువ్వు ఒక్క తుమ్ము తుమ్మినట్టు నా చెవిన పడిందా, అప్పటికప్పుడు పెట్టె సర్దుకుని నా క్వార్టర్‌కి రావాల్సిందే."

ఒక్క తుమ్ము. నా స్వాతంత్ర్యమంతా నా ముక్కు మీద ఆధారపడింది.

మా హాస్టల్లో కొత్తగా చేరిన వాళ్లు, ముందొచ్చిన వాళ్లు ముందుగా, ఖాళీ గదులన్నీ చూసుకుని తమకు నచ్చింది ఎంచుకోవచ్చు. వెంట వచ్చిన పెద్దవాళ్లు కూడా చూసి, వార్డెన్ రిజిస్టర్లో అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. అలా ఎంచుకున్న గది ఏడాదంతా మారదు. ఆరోజు అందరికంటే ముందు వచ్చింది మేమే. ఖాళీగా తొమ్మిది గదులున్నాయి.

మామూలు మనుషులయితే తలుపు తీసి చూసి, ఇది బాగుంది అంటారు. నేను గది గదికీ స్నానాల గది ఎన్ని అడుగులో, మెస్సు ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టాను. పెద్దమ్మకి అది చాలలేదు. చేతిసంచీలోంచి జ్వరం చూసే థర్మామీటర్ తీసింది.

నవ్వకండి. తొంభై నాలుగు నుంచి నూట ఎనిమిది దాకా గీతలుండే ఆ గాజుపుల్ల ఢిల్లీ జూలైకి సరిగ్గా సరిపోతుంది. పెద్దమ్మ ప్రతి గదిలోనూ రెండు మంచాల మధ్య నిలబడి థర్మామీటర్ని విదిలించి, చేయి చాచి మూడు నిమిషాలు పట్టుకునేది. గదికి మూడు నిమిషాలు చొప్పున తొమ్మిదికి ఇరవై ఏడు. విదిలించడానికి, మెట్లెక్కడానికి మరో పద్దెనిమిది. మొత్తం నలభై అయిదు నిమిషాలు పట్టింది.

"నూట మూడు. దీనికి టైఫాయిడ్," అంది మేడమీద దక్షిణం వైపు గదిలో.

"దీనికి నూట రెండున్నర పెద్దమ్మా," అన్నాను పక్క గదిలో.

"మలేరియా. పద."

చివరికి కింద, ఉత్తరం వైపు, నీళ్ల ట్యాంకు వెనక పద్నాలుగో నంబరు గదికి చేరాం. కిటికీ నిండా వేపకొమ్మలు. కొమ్మల వెనక ప్రహరీగోడ. గోడకి చెమ్మ. ఎండ అన్నది ఏ వైపు నుంచీ రాదు. పాదరసం తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. పెద్దమ్మ కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పింది.

మేడమీద వరండాలో ఇద్దరు సీనియర్లు రెయిలింగు మీదకి వాలి మమ్మల్ని మొదటినుంచీ చూస్తున్నారు. పద్నాలుగు ఎలా ఉంటుందని అడిగితే ఇద్దరూ ఒకేసారి, "అచ్ఛా హై! ఏక్‌దమ్ అచ్ఛా హై! తీసేసుకో!" అన్నారు. ఢిల్లీ వాళ్లు మంచివాళ్లని ఆరోజు నోటుబుక్కులో రాసుకున్నాను. పెద్దమ్మ రిజిస్టర్లో తన గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో, "థర్మామీటర్‌తో పరీక్షించాను. హాస్టల్లో ఇంతకంటే మంచి గది లేదు" అని రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టింది.

రెండో మంచానికి రావలసిన అమ్మాయి మూడు రోజులు ఆలస్యంగా, అందరికంటే చివర దిగింది. ఆమెది అల్మోడా, కొండల్లో ఊరు. అప్పటికి మిగిలింది మా గదిలో ఆ మంచం ఒక్కటే. గుమ్మంలో నిలబడి కిటికీని చూసింది, గోడని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"దీన్ని నీకు ఇచ్చారా, నువ్వే తీసుకున్నావా?"

"నేనే. తొమ్మిదింట్లో ఏరి తీసుకున్నా," అన్నాను గర్వంగా.

ఆ అమ్మాయి మంచం మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుంది. అలసిపోయిందేమో అనుకున్నాను.

జూలై, ఆగస్టు, సెప్టెంబరు మా గది స్వర్గం. నవంబరు 8న కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టింది. మా ఊళ్లో కూడా జనవరిలో ఓ వారం పేరుకునేది, కాసేపు ఎండలో పెడితే కరిగేది. ఇక్కడ పెట్టడానికి మా గదికి ఎండేదీ? సీసా పట్టుకుని మేడమీదకి వెళ్లాను. దక్షిణం వరండా నిండా బంగారంలాంటి ఎండ. టైఫాయిడ్ గది ముందు ఆ ఇద్దరు సీనియర్లు కాళ్లు చాపుకుని కమలాలు ఒలుచుకు తింటున్నారు.

"పద్నాలుగు ఎలా ఉంది?" అని ఒకామె అడిగింది. రెండో ఆమెకి నవ్వు ఆపుకోలేక కమలాతొన మింగేసి పొలమారింది.

నేను పుట్టిన ఊళ్లో గది అంటే వేడి నుంచి దాక్కునే చోటు. ఎండ కోసం గది ఎంచుకునేవాళ్లు లోకంలో ఉంటారని నాకు గాని, పెద్దమ్మకి గాని తట్టలేదు. డిసెంబరు మొదటి వారం సోమవారం నుంచి శనివారం వరకు నేను తుమ్మిన తుమ్ములు నలభై మూడు. ఆదివారం పదకొండు నుంచి పన్నెండున్నర దాకా, అంటే పెద్దమ్మ ఉన్నంతసేపు, ఒక్కటి కూడా తుమ్మకూడదు. అల్మోడా అమ్మాయి నాకొక ఉపాయం నేర్పింది, పైపెదవి మీద బొటనవేలితో గట్టిగా నొక్కడం. పదింట ఏడుసార్లు పనిచేసేది. మిగతా మూడుసార్లు నేను మొహం తిప్పేసేదాన్ని, ఆమె వెంటనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "సారీ, ఆంటీ" అనేది. పుట్టాక జలుబు ఎరగని పిల్ల, పాపం.

"ఏందే ఈ కొండపిల్ల ఇంత నీరసంగా ఉంది? మందిచ్చి పోవాల్సిందే," అంది పెద్దమ్మ.

డిసెంబరు 17, ఆదివారం. పెద్దమ్మ అన్నీ సిద్ధం చేసుకుని వచ్చింది. మెస్సులో నీళ్లు కాయించి గిన్నెలో పోసి, అల్మోడా అమ్మాయి తల మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది. ఆమె ఓర్చుకుంది. తర్వాత వీపుకి, గొంతుకి ఘాటైన మందు రుద్దింది. దానికీ ఓర్చుకుంది. చివర్లో పెద్దమ్మ సంచీలోంచి ఆముదం సీసా బయటికి తీసి మూత విప్పింది.

దుప్పటి ఎగిరిపడింది. "ఆంటీ! ఆ తుమ్ములు నావి కావు! ఒక్కటీ కాదు! అన్నీ దీనివే!"

సరిగ్గా అప్పుడే, ఇక ఆపుకోవాల్సిన పనిలేదని తెలిసిందేమో, నా ముక్కు వరసగా ఆరు తుమ్ములు తుమ్మింది.

"పెట్టె తియ్యి," అంది పెద్దమ్మ.

పది నిమిషాల్లో వార్డెన్ ముందు ఉన్నాం. ఏడాది మధ్యలో గది ఖాళీ చేయాలంటే పెద్దవాళ్లు కారణం రాయాలి. వార్డెన్ రిజిస్టర్ తెరిచి పెద్దమ్మ ముందు పెట్టింది. అదే పేజీ. "థర్మామీటర్‌తో పరీక్షించాను. హాస్టల్లో ఇంతకంటే మంచి గది లేదు." కింద గీత, సంతకం. దాని కిందే కొత్తది రాయాలి.

పెద్దమ్మ ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా చార్టులో తప్పు రాయలేదు. ఇది ఆమె నాకు చెప్పిన మాట, కనీసం ముప్పైసార్లు.

"ఉండండి," అని లేచి పద్నాలుగుకి నడిచింది. వెనక నేను, నా వెనక అల్మోడా అమ్మాయి, ఆమె వెనక వార్డెన్. పెద్దమ్మ జూలైలో నిలబడ్డ చోటే నిలబడి, థర్మామీటర్ విదిలించి పట్టుకుంది. మూడు నిమిషాలు. చూసింది. మరో మూడు నిమిషాలు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూసింది. పాదరసం మొదటి గీత దాకా కూడా రాలేదు.

"ఎంత ఉంది పెద్దమ్మా?"

"ఈ పేషెంటు ఎప్పుడో పోయింది," అంది మెల్లగా. అని, తుమ్మింది.

అల్మోడా అమ్మాయి నా పెట్టె వైపు చూసి, పెద్దమ్మ సంచీ వైపు చూసి, "ఆంటీ, ఇప్పుడు మీ సామాను ఎవరు సర్దాలి?" అని చాలా మర్యాదగా అడిగింది.

వార్డెన్‌కి హఠాత్తుగా దగ్గొచ్చి వరండాలోకి వెళ్లిపోయింది.

"ఒక్క తుమ్ముకి గదులు ఖాళీ చేస్తారా ఏందే?" అంది పెద్దమ్మ నన్ను చూసి, ఆ షరతు పెట్టింది నేనే అన్నట్టు. ఆఫీసుకి తిరిగి వెళ్లి కలం అడిగింది. చార్టులో రాసింది కొట్టేయకూడదు, కొత్తగా గమనించినది తారీఖు వేసి కింద చేర్చాలి, నర్సుల పద్ధతి అది. 17-12-78 అని వేసి, "వేసవిలో" అని ఒక్క మాట చేర్చి, గీత గీసి, సంతకం పెట్టింది.

తర్వాత తన ఒంటిమీది స్వెట్టర్ విప్పి నాకు తొడిగింది. ఆముదం కూడా ఇచ్చింది. ఇద్దరికీ.