పైపు కోసినవాడే ముందు ఎక్కాలి

మా మేనత్త చెయ్యి పడితే ఇనుము కూడా మాట వినేది. మనుషులే వినేవాళ్లు కాదు.

ఆవిడ, మామయ్య, మామయ్య తమ్ముడు కలిసి పెట్టుకున్న సైకిళ్ల కొట్టు అది. మరిది పైపులు కోసేవాడు. అత్త మంట పెట్టి, ఇత్తడి కరిగించి అతుకులు వేసేది. మామయ్య చక్రాలు బిగించి, కొత్త బండిని తనే ముందు ఎక్కి వాలు రోడ్డు మీద వదిలి చూసేవాడు.

ఒకరోజు సగం వాలులో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. చక్రం ఒక పక్కకి, మామయ్య మొహం రాళ్ల మీదకి. అత్త పరుగెత్తుకెళ్లేసరికి దవడ ఊడి వేలాడుతోంది. ఆవిడ ఒళ్లోనే పోయాడు. విరిగిన ముక్కలు ఈలోపే ఎవరో మాయం చేశారు.

ఇంట్లో ఏడుపులు ఆరకముందే, మరిది తన బావమరుదులిద్దర్నీ వెంటేసుకుని కొట్టు మీద పడ్డాడు. బల్లలు తిరగేశాడు. చక్రాలు తొక్కి వంచేశాడు. నిన్నటిదాకా ‘వదినా’ అన్న నోటితోనే బూతులు తిడుతూ అత్తని జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చాడు.

"నీ అతుకు ఊడే కదే మా అన్న పోయాడు! మొగుణ్ణి మింగావు, ఇంక కొట్టు కూడా మింగుతావా? నడువు!"

అత్త నోట్లో నెత్తురు ఉమ్మేసి లేచింది. లోపల్నుంచి ఒక సైకిలు తోసుకొచ్చింది.

"ఆ రోజు చేసినవి రెండు బళ్లు. ఇది రెండోది. పైపులు నువ్వు కోసినవే. నా అతుకులన్నీ విప్పించి, పక్క వీధి వెల్డరన్న చేత మళ్లీ వేయించా. అడుగు, ఇక్కడే ఉన్నాడు."

"అవునమ్మా, నేనే వేశా," అన్నాడు వెల్డరు.

"నా చెయ్యి లేదు కదా మరిదీ? ఎక్కు. వాలు దిగి రా. కొట్టు నీదే."

మరిది కదల్లేదు.

"ఎక్కవయ్యా! అతుకు మారిందిగా!" అని అరిచాడు ఎదురు కొట్టు మంగలి. ఆయన కత్తి కంటే నాలిక పదును.

"అతుకు మారితే ఏంటి, పైపు..." అని నాలిక కరుచుకున్నాడు మరిది.

అత్త సుత్తి ఎత్తి ఫోర్కు మీద ఒక్కటి వేసింది. అతుకు అతుకులానే ఉంది, పైపు పుల్లలా విరిగింది. చూస్తే కుర్చీలకు వాడే పలచటి పైపు! బావమరుదులు పత్తా లేరు. అత్త మరిది కుడిచెయ్యి లాగి, కొట్టు ముందు ఇనుము సాగగొట్టే దాకలి మీద పెట్టింది. ఆ ఎముకల చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

పోలీసులొచ్చి అడిగితే మంగలే ముందుకొచ్చాడు. "సుత్తి దానంతటదే జారిందండీ. మూడుసార్లు."

ఆ తర్వాత కొట్టులో ఒకటే కట్టుబాటు: పైపు కోసినవాడే ముందు ఎక్కాలి. కోసేదీ అత్తే కాబట్టి, జుట్టు నెరిసినా మోకాళ్లు చెక్కుకుపోయినా ప్రతి కొత్త బండీ ఆవిడే వాలులో వదిలేది. ఆ వాలు కింద మరిది వంకర చేత్తో గాలి పంపు పెట్టుకుని బతికేవాడు. అత్త దూసుకొస్తుంటే అందరికంటే ముందు కాళ్లు లాక్కునేది ఆయనే.