గోలీలు మానాలనుకున్న వదిన

మంగళవారం పొద్దున అన్న ఫోన్ చేసి, "చిన్నీ, మీ వదిన లేదు" అన్నాడు. ఆ ఒక్క మాట అని, ఫోన్ పెట్టేయడం మరిచిపోయాడు. అటువైపు ఆస్పత్రి వరండాలో ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో నర్సు ఇంకెవరినో పిలవడం వినిపిస్తూనే ఉన్నాయి. నేనూ పెట్టేయలేకపోయాను. చాలాసేపు అలా చెవికి ఆనించుకునే కూర్చున్నాను.

మీలో ఎక్కువమందికి మా వదిన తెలియదు. మల్కాజ్‌గిరిలో తమ ఇంటి ముందు గదిలో చిన్న బ్యూటీ పార్లర్ నడిపేది. రెండు కుర్చీలు, గోడకో పెద్ద అద్దం, మూలన స్టవ్ మీద వ్యాక్స్ గిన్నె. అంతే. దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం మీదికి మెడ వంచి కనుబొమ్మలు తీసేది. నోట్లో దారం ఉండగా ఆమె మాట్లాడలేకపోయేది కాబట్టి వచ్చినవాళ్ళే మాట్లాడేవారు. అత్తల గురించి, అద్దెల గురించి, పరీక్ష తప్పిన పిల్లల గురించి కళ్ళు మూసుకుని చెప్పుకునేవారు. పని అయ్యాక వదిన దారం తీసి పారేసి, "ఐపోయింది, ఇగ నవ్వు" అనేది. చాలామంది ఆ మాట కోసమే వస్తారని నాకు అనిపించేది.

ఏళ్ళ తరబడి అలా మెడ వంచితే మెడ ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? నొప్పి భుజంలోకి, అక్కణ్ణుంచి చేతిలోకి దిగింది. మొదట డాక్టరే నొప్పి గోలీలు రాశాడు. అవి వేసుకుంటే హాయిగా ఉండేదట, పనీ ఆగేది కాదు. తర్వాత చీటీ పాతబడిపోయినా మందుల షాపాయన ఆమె ముఖం చూడగానే తీసి ఇచ్చేవాడు. ఇంట్లో ఎవరం ఏమీ అనుకోలేదు. నొప్పికి గోలి వేసుకునే మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ఒక ఆదివారం నా కనుబొమ్మలు చేస్తుండగా దారం చర్మాన్ని పట్టేసింది. చిన్నగా రక్తం వచ్చింది. వదిన చేతిలో ఎప్పుడూ అలా జరగలేదు. ఆమె దూది అద్ది, స్టూలు మీద కూలబడి, తన రెండు చేతుల వైపు చూసుకుంది.

"చిన్నీ, నొప్పి పోయి శానా దినాలైంది. గోలి మాత్రం పోతలేదు" అంది. "పొద్దుగాల లేస్తనే చేతులు వణుకుతున్నయి. అది ఏస్కుంటెనే నిలుస్తున్నయి. నన్ను ఎవరికన్న చూపియ్యి."

సరే అన్నాను. కష్టమనుకోలేదు. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగితే ఎటు చూసినా ఆస్పత్రి బోర్డులే. ఇంత ఊళ్ళో ఒక్క మనిషి దొరక్కపోతాడా అనుకున్నాను.

మొదట ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికే వెళ్ళాం. ఇదేమన్నా తాగుడా, మనసు గట్టి చేసుకుంటే అదే పోతుందని ఆయన తేలిగ్గా తీసేశాడు. నిద్ర పట్టడానికని ఇంకో మందు రాశాడు. బయటికి వచ్చాక వదిన ఆ చీటీని మడిచి నా చేతిలో పెట్టింది. ఒకటి మానిపించమంటే ఇంకోటి ఇచ్చాడని మెల్లగా నవ్వింది.

తర్వాత ఎవరో చెబితే మౌలాలి అవతల ఒక డీఅడిక్షన్ సెంటర్‌కు వెళ్ళాం. గేటు లోపల నిలబడ్డ మేనేజరు మా ఇద్దరినీ దాటి, వెనక ఆగివున్న ఆటోలోకి తొంగి చూశాడు.

"పేషెంట్ దిగుతలేడా అమ్మా? మావోళ్ళను పంపుత, పట్కొస్తరు" అన్నాడు.

"నేనేనన్నా" అంది వదిన.

అతను చెడ్డవాడు కాదు. తడబడ్డాడు, కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. తమ దగ్గర ఉన్నదంతా మగవాళ్ళ వార్డేనని, తాగేవాళ్ళనే తీసుకుంటామని చెప్పాడు. ఆడవాళ్ళను ఎక్కడ చేర్చుకుంటారో తనకూ తెలియదన్నాడు. వదిన అతనికి దండం పెట్టి లేచింది. ఆటోలో ఇల్లు చేరేదాకా కొంగు ముఖం మీంచి తీయలేదు.

మా ఆఫీసులో ఒకామె ఫోన్‌లో వీడియో మీద మాట్లాడే కౌన్సెలర్‌ను కుదిర్చింది. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది, కానీ అంతా ఇంగ్లీషు. పార్లర్ తలుపు మూసి వదిన కూర్చుంది, పక్కన నేను. ఆవిడ అడుగుతోంది, వదిన "యెస్ మేడమ్, నో మేడమ్" అంటోంది. అయిపోయాక ఎలా ఉందని అడిగాను.

"ఆమె అడిగేది నాకు సమజ్ ఐతది. నా లోపల ఉన్నది ఇంగ్లీషుల లేదు గద" అంది.

అన్న సంగతి కూడా చెప్పాలి. అన్నకు రైల్వేలో ఉద్యోగం, నెమ్మదైన మనిషి. వదిన మీద కోపం రాలేదు, భయం వచ్చింది. ఎవరికీ తెలియకుండా బాగైపోవాలని అతని ఆశ. ఒకరోజు ఇంట్లో ఉన్న గోలీలన్నీ ఏరి డ్రైనేజీలో పారేశాడు. మర్నాటికి వదిన నీళ్ళు కూడా కడుపులో నిలవక, ఒళ్ళంతా చెమటతో, దుప్పటి కింద వణుకుతూ ముడుచుకుపోయింది. అన్న నాకు ఫోన్ చేసి, "నేనే చేసిన చిన్నీ, మంచికే చేసిన" అని మళ్ళీ మళ్ళీ అదే మాట అన్నాడు.

ఆ రోజు సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళడం వల్లే మాకు దారి దొరికింది. అక్కడి మానసిక వైద్యుడు ఇవి ఒక్కసారిగా ఆపకూడదని, కొద్దికొద్దిగా తగ్గించాలని అన్నకు ఓపికగా వివరించాడు. వారం వారం మాట్లాడటానికి రమ్మని ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. ఒకప్పుడు సామాన్లు పెట్టుకునే గది అనుకుంటాను అది. ఫ్యాను తిరిగితే మాట వినపడదు, ఆపితే ఉక్క. ఆ సైకాలజిస్టు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చిన్న వయసు అమ్మాయి. వదినను చూసి ఫ్యాను ఆపేసింది.

"ఏటమ్మా, ఎన్నాళ్ళ నుంచి మోస్తన్నారు ఇది?" అని అడిగింది.

తలుపు దగ్గరగా వేసి నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల చాలాసేపు వదిన ఏడుపే వినిపించింది. ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి. ఊరి ఆడవాళ్ళ కష్టాలన్నీ నోట్లో దారం పెట్టుకుని విన్న మనిషికి తనవి చెప్పుకునే చోటు అప్పటికి దొరికింది.

ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ మనసు తేలికవుతుంది. వారానికోసారి మల్కాజ్‌గిరి నుంచి బస్సులో వెళ్ళేవాళ్ళం. ఇంటికొచ్చి వదిన ఆ అమ్మాయి యాసలో "ఏటి, ఎలగున్నారు?" అని అన్నను పలకరించేది. అన్న కూడా నవ్వేవాడు. "ఆ పిల్లకు కనుబొమ్మలు చేస్తనంటే వద్దన్నది. డాక్టర్లు పేషెంట్లతోని గట్ల చేపిచ్చుకోవద్దంట. ఆ పెరిగిన కనుబొమ్మలు చూస్త కూసునుడే నాకు తక్లీఫ్" అనేది. గోలీలు తగ్గుతూ వచ్చి ఒకరోజు పూర్తిగా ఆగాయి. బందయ్యాయి కదా అని నేను సంబరపడితే సరిదిద్దింది.

"బందైనయి అనకు. ఇయాల ఏస్కోలే అను. గంతే."

ఒక వారం వెళ్ళేసరికి ఆ గదికి తాళం వేసి ఉంది. ఆ అమ్మాయిది ఒప్పందం మీద ఉద్యోగమట, పొడిగించలేదట. ఊరికి వెళ్ళిపోయిందని పక్క గదిలో చెప్పారు. ఇంకొకరు ఎప్పుడొస్తారని అడిగితే వాళ్ళకూ తెలియదు. వదిన ఆ తలుపు ముందు కాసేపు నిలబడి, "మంచిగ చెప్పేది పాపం" అని వెనక్కి తిరిగింది.

మాట్లాడే మనిషి కోసం మళ్ళీ వెతకడం షురూ. ఒకరు ఊరికి ఆ చివర, పోయిరావడానికి రోజంతా పడుతుంది. ఒకరికి నెలల తరబడి ఖాళీ లేదు. ఒకరు ముందు భర్తను తీసుకురమ్మన్నారు. అన్న చొక్కా వేసుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఆ రోజుల్లో వదిన ఒకసారి మళ్ళీ గోలి వేసుకుంది. తనే వచ్చి నాకు చెప్పింది. నేను పక్కన కూర్చున్నాను. మర్నాడు వేసుకోలేదు. ఆ తర్వాతా వేసుకోలేదు. ఎలా పట్టుకుని నిలబడిందో నాకు తెలియదు.

అప్పుడే వదిన కాళ్ళు వాచాయి. పరీక్షలు చేసి కిడ్నీలు పాడయ్యాయన్నారు. ఇన్నేళ్ళ గోలీల వల్లేనని, మానేసినా అప్పటికే జరగాల్సింది జరిగిపోయిందని డాక్టరు చెప్పాడు. వదిన అంతా విని, "మానినంక చెప్తున్నరు" అంది, అంతే. డయాలసిస్ మొదలైంది. పార్లర్ మూతపడింది.

డయాలసిస్ కూడా ఆమెను నిలబెట్టలేకపోయింది; ఆఖరి వారం ఆస్పత్రిలో ఒళ్ళంతా నొప్పి బాగా పెరిగింది. నొప్పికి ఇంజెక్షన్ ఇస్తామని నర్సు వస్తే వదిన చెయ్యి వెనక్కి లాక్కుంది. డాక్టరు చెప్పినా, అన్న బతిమాలినా వినలేదు. పళ్ళు బిగబట్టి నా వైపు చూసి, ఆ శ్రీకాకుళం పిల్లకు ఫోన్ చెయ్యమంది. నంబరు వదిన ఫోన్లోనే ఉంది. ఇబ్బంది పెట్టకూడదని అన్నాళ్ళూ ఒక్కసారీ చేయలేదు.

ఆ అమ్మాయి వెంటనే గుర్తుపట్టింది. సంగతంతా చెప్పి ఫోన్ వదిన చెవి దగ్గర పెట్టాను.

"అమ్మా, ఇది ఏస్కుంటె మళ్ళ మొదటికి వచ్చినట్టేనా?" అని అడిగింది వదిన.

ఆ అమ్మాయి గొంతు నాకూ వినిపించింది. "కాదమ్మా. నొప్పుంది, డాక్టరు ఇస్తన్నారు. మీరు ఓడిపోలేదు. తీసుకోండి."

వదిన చెయ్యి చాపింది. సూది దిగుతుంటే కళ్ళు మూసుకుంది. ముఖంలో బిగువు సడలింది. తర్వాత రెండు రోజులు ఎక్కువగా నిద్రలోనే ఉంది. మూడో రోజే ఆ మంగళవారం.

పదో రోజు కర్మ అయ్యాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోతుండగా ఒకామె గేటు దగ్గర ఆగింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, తలనిండా చున్నీ కప్పుకుని ఉంది. ఎప్పుడూ చూడలేదు. నన్ను పిలిచి, పార్లర్ అక్క ఉన్నదా అని అడిగింది. చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"అక్క నన్ను అప్పట్ల ఎవరో డాక్టరమ్మ కాడికి తీస్కపోత అన్నది" అంది. దేనికని నేను అడగలేదు. చున్నీ అంచు పట్టుకున్న ఆమె వేళ్ళు వణుకుతున్నాయి.

లోపలికి రమ్మంటే రాలేదు. ఫలానా చోటికి వెళ్ళమ్మా అని చెబుదామంటే, దవాఖానాలో ఆ గదికి తాళం, ఇంత ఊళ్ళో ఇంకొక్క పేరు కూడా నా నాలుక మీదికి రాలేదు. వాన తుంపర మొదలైంది. గేటుకు అటు ఆమె, ఇటు నేను, తడుస్తూ అలాగే నిలబడ్డాం.