లూసెట్ మెట్లు

కొంబ్‌వేర్‌లో ఎవరినైనా కులాసా అడిగితే గడియారం భాషలోనే జవాబొస్తుంది. "పడుకుంటే సరిగ్గానే నడుస్తున్నా, నిలబడితే కాస్త వెనకబడుతున్నా" అంటారు ముసలివాళ్ళు. గడియారాన్ని అయిదు రకాలుగా ఉంచి పరీక్షిస్తారు మరి: వెల్లకిలా, బోర్లా, కీ పైకి, కీ పక్కకి, కీ కిందికి. ఎలా ఉంచినా ఒకేలా నడిస్తేనే అది గడియారం. మనిషైనా అంతేనని ఆ ఊరి నమ్మకం. ఆ లెక్కన లూసెట్ రోసెలేని మించిన మనిషి అక్కడ లేదు. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం ఊరికి ఇరవై మూడేళ్ళు పట్టింది.

ఊరి గడియారాల కంపెనీ 1871లో ఒక పాడిరైతు వంటింట్లో పుట్టింది. ఆరు నెలలు మంచు. ఆవులు కొట్టంలో, మనిషి కిటికీ దగ్గర. ఊరికే కూర్చోలేని ఆ మహానుభావుడు చిన్న చిన్న చక్రాలు కోయడం మొదలుపెట్టాడు. కొడుకుల కాలానికి కొండవాలు మీద నాలుగంతస్తుల ఫ్యాక్టరీ లేచింది. దానికి గోడల కన్నా కిటికీలే ఎక్కువ.

లూసెట్ పదిహేనో ఏట మూడో అంతస్తులో, ఆడవాళ్ళ వరుసలో చేరింది. ఆమె పని హెయిర్‌స్ప్రింగు. ఆ సన్నని తీగ చుట్ట చివరను పట్టకారుతో పైకి లేపి, లోపలికి వంచాలి. గడియారం ప్రాణమంతా ఆ వంపులోనే ఉంటుంది. అందరూ ఒక్క ఊపున లేపేవారు. లూసెట్ మాత్రం కొంచెం కొంచెంగా, మూడు చోట్ల లేపేది. ఎవరూ నేర్పలేదు, ఆమె చేతికి అలా వచ్చింది.

పై అధికారి ఎద్గార్ మొనియే కంటికి భూతద్దం పెట్టుకుని అది చూసి పగలబడి నవ్వాడు. "ఇది స్ప్రింగా, చర్చి గంట దగ్గరికి మెట్లా? ఎవరెక్కాలి తల్లీ వీటిని?"

"కాలం ఎక్కుతుందిలెండి మెస్యో మొనియే. దానికి ఆయాసం రాకూడదని" అంది లూసెట్, తల ఎత్తకుండానే.

ఆ రోజు నుంచి అవి 'లూసెట్ మెట్లు' అయ్యాయి. సూపు తాగేటప్పుడూ అదే వేళాకోళం.

1948లో ఖగోళ వేధశాల వాళ్ళు పెట్టే గడియారాల పోటీకి కంపెనీ ఒక గడియారం పంపాలనుకుంది. దాన్ని కాలం తప్పకుండా సరిచేసే బాధ్యత ఎద్గార్‌ది. ఆ చలికాలమే అతను మంచు మీద జారిపడి మణికట్టు బెణికించుకున్నాడు. రెండు స్ప్రింగులు పాడుచేశాడు. మూడోది తెచ్చి లూసెట్ ముందు పెట్టాడు. ఆమె రెండు రోజులు దాని మీదే పనిచేస్తూ కూర్చుంది.

నలభై అయిదు రోజులు వేడిలో, చలిలో, అయిదు రకాలుగానూ ఉంచి పరీక్షించారు. మొదటి బహుమతి వచ్చింది. బహుమతి పత్రం మీద సరిచేసినవాడి పేరు ఒక్కటే వేయడం రివాజు. ఊరంతా జెండాలు, బ్యాండు మేళం, ఎద్గార్ మెడలో పతకం. లూసెట్ మూడో వరుసలో నిలబడి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది. ఒక్కసారి అతను ఇటు తిరిగి చూస్తాడేమోనని ఎదురుచూసింది. చూడలేదు.

1971లో కంపెనీ నూరేళ్ళ పండుగ వచ్చింది. చరిత్ర రాసే పని బడిపంతులు అల్సీద్‌కి అప్పగించారు. అంతా రాసేశాక, చివరి పేజీ కోసం అతను నోటుపుస్తకం పట్టుకుని లూసెట్ ఇంటికొచ్చి, జున్ను ముక్కలు నంజుకుంటూ అడిగాడు.

"అత్తా, ఆ రోజుల్లో ఏ పాటలు పాడుకునేవాళ్ళు? సూపులో ఏం వేసేవాళ్ళు?"

"ఉల్లికాడలు. నాయనా, ఆ పోటీ గడియారం స్ప్రింగు నేను వేశాను. అది రాసుకో."

అల్సీద్ పెన్సిలు ఆగిపోయింది. "కాగితమేమైనా ఉందా అత్తా?"

"లేదు."

"కాగితం ఉన్నవే రాస్తానన్నాను డైరెక్టరుగారితో. పైగా పుస్తకం రేపే అచ్చుకి పోతోంది."

"కాగితం లేకపోతే పోనీ, గడియారం ఉందిగా. మూత తీసి చూడు" అంది లూసెట్, కోపంగానే. ఆమెకు పతకం అక్కర్లేదు. కంపెనీ చరిత్రలో, ఆ వంపు పక్కన, తన పేరు కావాలి. నలభై ఏడేళ్ళ పనికి ఒక్క పంక్తి.

అల్సీద్ మొండివాడే గానీ దొంగ కాదు. పండుగ నాడు ఆ గడియారాన్ని మూత తీయించి, మైక్రోస్కోపు కింద పెట్టించాడు. ఊరంతా గడియారాల వాళ్ళే కాబట్టి జనం బారులు తీరారు. ముందు కుర్చీలో ఎనభై ఏళ్ళ ఎద్గార్, పతకంతో. లూసెట్ ఈసారీ మూడో వరుసలోనే.

మొదట చూసింది బెర్త్, లూసెట్ పక్క బల్ల మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. కన్ను ఆనించి, గట్టిగా అరిచింది.

"ఓసి నీ దుంప తెగ! మెట్లే! లూసెట్ మెట్లు!"

తర్వాతివాడు చూశాడు. ఆ తర్వాత ఇంకొకరు. చూసిన ప్రతివాళ్ళూ తలెత్తి, మూడో వరుస వైపు తిరిగారు. ఏ కాగితమూ చెప్పనిదాన్ని ఆ తీగ వంపులో చదవడం ఆ ఊళ్ళో అందరికీ వచ్చు. లూసెట్ చెవులు ఎర్రబడ్డాయి. సంతోషం పట్టలేక చేతిసంచీ గట్టిగా పట్టుకుంది.

ఇక ఎద్గార్ ఏమంటాడో చూడాలి. లూసెట్ తనే లేచి ముందుకెళ్ళింది. దెప్పలేదు. ఊళ్ళో అందరూ అడిగేదే అడిగింది.

"ఎలా ఉన్నారు మెస్యో?"

ఎద్గార్ కర్ర పట్టుకుని లేచాడు. మైక్రోస్కోపులో చాలాసేపు చూశాడు. అందరికీ వినబడేలా అన్నాడు:

"పడుకుంటే బాగానే ఉంటున్నాను లూసెట్. నిలబడితేనే ఇరవై మూడేళ్ళు వెనక నడుస్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. లూసెట్ అతన్ని మోచెయ్యి పట్టి మెల్లిగా కుర్చీలో కూర్చోబెట్టింది. "ఆలస్యమైనా సరే, నడుస్తున్నారుగా" అంది.

అచ్చయిన పుస్తకాలు బల్ల మీద దొంతరలుగా ఉన్నాయి. అల్సీద్ కలం తీసి, నలభై రెండో పేజీ తెరిచి, ఎద్గార్ పేరు పక్కన 'స్ప్రింగు: లూసెట్ రోసెలే' అని రాయడం మొదలుపెట్టాడు. ఆరువందల పుస్తకాలు. లూసెట్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్కటే అందుకుని, సిరా ఆరాక మూసింది.