ట్రంకాలమ్మ బిగించిన సాకెట్

ఆ వీధిలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు. ట్రంక్ కాల్స్ కలిపేది కాబట్టి అందరికీ ట్రంకాలమ్మే. టెలిఫోన్ ఎక్స్చేంజిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, పెద్ద బోర్డు ముందు కూర్చుని, ఈ ఊరి గొంతును ఆ ఊరి గొంతుతో ఏళ్ల తరబడి కలిపిన మనిషి. లైన్లో గాలివాన హోరెత్తుతున్నా, అవతలివాళ్లు ఏడుస్తూ మాట్లాడినా, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినా ఆమెకు అర్థమయ్యేది. ఆటోమేటిక్ యంత్రాలొచ్చి బోర్డులు ఎత్తేసినప్పుడు తోటివాళ్లు చాలామంది ఇంటిదారి పట్టారు. ఈవిడ మాత్రం కేబుల్ రిపేర్ల సెక్షన్‌కు వెళ్లి, నలభై రెండో ఏట స్క్రూడ్రైవర్ పట్టింది.

"ఈ వయసులో వైర్లు పీకడం ఏంటమ్మా?" అని సూపర్‌వైజర్ నవ్వితే, "పీకడం కాదు సార్, కలపడం. మొదట్నుంచీ నా పని అదేగా" అంది.

ఆమె భర్త బస్సు డ్రైవర్. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాడు. ఆయన కేకేస్తే హారన్‌తో పనిలేదని కండక్టర్లు అనేవారు. రిటైరైన రెండేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోలేదు గానీ నలిగిపోయింది. ఆ నలిగిన మాట ఇంటికొచ్చిన చుట్టాలకు అర్థమయ్యేది కాదు. కూతురికి సగం అర్థమయ్యేది. ట్రంకాలమ్మకు మాత్రం ఏ మాటకామాట తెలిసిపోయేది. అందుకని ఆయన మిగతావాళ్లతో మాట్లాడటమే మానేశాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాటి పొద్దున, కాస్త చల్లగా ఉందని ఆయనే స్టాండు ఫ్యాన్ ఆపించుకున్నాడు. ఆమె మందుల షాపుకు వెళ్లింది. పావుగంటలో రావాల్సింది, అక్కడి వరుస చూస్తే తోకలా పెరిగి ఉంది. గంట దాటిపోయింది. వచ్చి చూస్తే మంచానికీ గోడకీ మధ్య నేల మీద ఆయన. చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎడమ చెయ్యి గోడ మీది స్విచ్చి వైపు చాచి ఉంది.

పక్కింటి టైలర్‌ను కేకేసి, ఇద్దరూ కలిసి ఆయన్ని మంచమెక్కించారు. దెబ్బలేం తగల్లేదు.

"ఏం కాలేదు," అన్నాడాయన, ఆమె మొహం చూడకుండా.

ఆమె ఏడవలేదు. ఆయన నిద్రపోయాక వెళ్లి ఆయన పడిన చోట మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన వేళ్లు ఆగిన చోటికీ స్విచ్చికీ మధ్య చేత్తో కొలిచింది. జానెడు. సరిగ్గా జానెడు.

సాయంత్రం మెల్లిగా కదిపింది. "దూరం నుంచి నొక్కితే పనిచేసే సాకెట్లు వచ్చాయటండీ. మీకు వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది. ఎవరింట్లోనో చూసిందట. ఒకటి పెడతాను."

"ఎందుకే? పిలిస్తే నువ్వు వస్తావుగా."

"నేను లేనప్పుడు?"

"వచ్చేదాకా ఉంటా."

"ఉండక్కర్లేదు," అంది. ఆమె అలా అన్నదంటే ఇక ఆ మాట రాతి మీద గీతే. ముప్పై ఏళ్లుగా తెలిసిన విషయమే కాబట్టి ఆయన కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు సామాను తెచ్చింది. సబ్బు పెట్టెంత అట్టపెట్టె. అందులో తెల్లటి సాకెట్, వేలెడు రిమోట్, చీమతలల్లాంటి అక్షరాలతో ఒక కాగితం. ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుంటే ఎక్కడున్నా నొక్కవచ్చని షాపతను చెప్పాడు. ఎలక్ట్రీషియన్ని పిలిచింది. ఆ వీధికంతటికీ అతనొక్కడే. పని వచ్చినవాడే గానీ, 'రేపు' అనే మాట అతని నాలుక మీద కాపురం ఉండేది. వచ్చి పాత సాకెట్ విప్పి చూసి పెదవి విరిచాడు.

"గోడలో పెట్టె లోతు చాలదక్కా. పాత కాలంది. ఈ కొత్తదాని వీపు లావు. గోడ కొట్టాలి. దుమ్ము లేస్తుంది, బావగారిని వేరే గదిలోకి మార్చాలి. రేపొస్తా."

ఆ రేపు మూడు రోజులైనా రాలేదు. ఆదివారం తను వస్తానని, అప్పటిదాకా ఆగమని ఫోన్‌లో కూతురు బతిమాలింది.

"ఆదివారం దాకా మీ నాన్న ఉక్కపోతలో ఉడకాలా?" అని ఫోన్ పెట్టేసి, చేతిసంచి తీసుకుని నాలుగు షాపులు తిరిగింది. గోడ కొట్టకుండా పెట్టె లోతు పెరగాలి, అదీ ఆమెకు కావలసింది. మొదటి మూడు షాపుల్లో అలాంటిది లేదన్నారు. నాలుగో షాపు ముసలాయన అడుగు అర వెతికి, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ చట్రం ఒకటి ఊది ఇచ్చాడు. గోడకూ సాకెట్‌కూ మధ్య అది బిగిస్తే సాకెట్ గోడ బయటికి అంగుళం వస్తుంది, వెనకాల చోటు మిగులుతుంది. "ఇది అడిగినవాళ్లు లేరమ్మా," అన్నాడాయన. "గోడ కొట్టడమే తేలికని కొట్టేస్తారు."

ఇంటికొచ్చి, ముందు టెస్టర్‌ను కరెంటున్న సాకెట్‌లో పెట్టి అది వెలుగుతోందని చూసుకుంది. తర్వాత వరండాలోకెళ్లి మెయిన్ ఆపింది. 'ముట్టుకోవద్దు' అని కాగితం రాసి దానికి అంటించింది. ఫ్రిజ్ గొణుగుడు ఆగిపోయింది. తిరిగొచ్చి సాకెట్‌లోని రెండు కన్నాల్లోనూ మళ్లీ టెస్టర్ పెట్టింది. వెలగలేదు. అప్పుడు గానీ స్క్రూ ముట్టుకోలేదు.

"షాక్ కొడుతుందే!" మంచం మీంచి ఆయన.

"మీరు ఘాట్ రోడ్డు మీద బస్సు తిప్పుతుంటే వెనకాల కూర్చుని నేనెప్పుడైనా అరిచానా? కాసేపు నోరు మూసుకోండి."

టెలిఫోన్ తీగ వేరు, ఇంటి కరెంటు తీగ వేరు. మొదటిది చురుక్కుమంటుంది, రెండోది మనిషిని తీసుకుపోతుంది. ఆ తేడా ఆమెకు బాగా తెలుసు. తీగలు రెండూ మసి పట్టి ఒకే రంగులో ఉన్నాయి. ఏది ఎక్కడ ఉందో ఫోటో తీసి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టాకే విప్పింది. కొనల దగ్గర పై తొడుగు ఎండి పెళుసుబారింది. ఆ మేరకు కత్తిరించి కొత్తగా చెక్కి, చట్రాన్ని గోడకు బిగించింది. అంతా బాగానే ఉంది గానీ మూడో తీగ, ఎర్త్ తీగ, దేనికీ తగిలించకుండా పెట్టె మూలన మడతపెట్టి ఉంది. ఎవడో బద్ధకించి వదిలేశాడు. అది అవతల నేలకు కలిసే ఉందా, మధ్యలో తెగిందా?

ఆమె చేతులు అక్కడ ఆగాయి. తెలియని తీగను తెలిసినట్టు బిగించడం ఆమె ఎన్నడూ చేయలేదు. విప్పిన కొనలకు టేపు చుట్టి, లేచి, టీ కొట్టు దగ్గరికి నడిచింది. ఎలక్ట్రీషియన్ అక్కడే ఉన్నాడు. ఆమెను చూడగానే గ్లాసు పైకెత్తి మొహం దాచుకోబోయాడు.

"అక్కా, రేపు తప్పకుండా..."

"టీ తాగు తమ్ముడూ, తొందరేం లేదు," అంటూ వెళ్లి అతని స్కూటర్ వెనక సీటు మీద కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. కొట్టులో ఉన్న నలుగురూ అటే చూశారు.

"ఏంటక్కా ఇది?"

"ఎర్త్ చూడ్డం నా వల్ల కాదు. మిగతాదంతా సిద్ధంగా ఉంది. నువ్వెక్కడికెళ్తే నేనూ అక్కడికే. ఇవాళ నీకెన్ని ఇళ్లలో పనుందో అన్నీ చూసొద్దాం పద."

అతను టీ సగంలో వదిలేశాడు. ఇంటికొచ్చి గోడ మీది చట్రం చూసి, దారాలు చూసి నోరెళ్లబెట్టాడు. కాసేపు మెయిన్ వేసి, టెస్ట్ ల్యాంప్‌తో ఎర్త్ చూశాడు. తీగ బాగానే ఉంది. మళ్లీ మెయిన్ ఆపాక, తను బిగిస్తానని చెయ్యి చాపితే ఆమె ఇవ్వలేదు. "పక్కన నిలబడి చూడు, తప్పుంటే చెప్పు," అంది. మూడు తీగలూ మూడు చోట్ల బిగించి, ఒక్కోదాన్నీ లాగి చూసి, మూత పెట్టింది. అతను తప్పేం చెప్పలేకపోయాడు.

"చట్రం ఎక్కడ దొరికిందక్కా?" అని మాత్రం అడిగి, షాపు గుర్తులు రాసుకుని వెళ్లాడు.

ఇంట గెలిచాం, ఇక రచ్చ గెలవాలనుకుంది. రచ్చ అంటే వైఫై. సాకెట్ మీది నీలం దీపం టపటపా కొట్టుకుంటుంది, ఫోన్‌లో గుండ్రటి గీత తిరిగి తిరిగి 'కుదరలేదు' అంటుంది. ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు. ప్రతిసారీ సాకెట్ మీది మీటను అయిదు సెకన్లు నొక్కి పట్టి మళ్లీ మొదలు. పదకొండోసారి కుదరకపోయాక కళ్లజోడు మీద భూతద్దం పెట్టుకుని ఆ చీమతలల కాగితం పట్టుకుంది. నాలుగు భాషలున్నాయి, అందులో ఆమెది లేదు. కానీ అంకెలకు భాషేంటి? '2.4' అని ఒక చోట ఉంది. దాని పక్కనే '5' మీద అడ్డగీత.

వెంటనే ఆమె బుర్రలో వెలిగింది. వైఫై పెట్టెకు రెండు లైన్లు. సాకెట్‌కు ఒకటే వినపడుతుంది. ఫోనేమో రెండోదాని మీద కూర్చుంది. ఇద్దరూ చెరో లైన్లో హలో హలో అంటుంటే ఎవరికి వినపడుతుంది? ఇలాంటివి ఎన్ని కలిపి ఉంటుంది తను! ఫోన్‌ను మొదటి లైన్ మీదికి మార్చింది. నీలం దీపం రెండుసార్లు కొట్టుకుని నిలకడగా వెలిగింది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. నోటితో చెప్పినా వింటుందని యాప్‌లో ఉంటే, సంబరంగా ఫోన్‌ను ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన గొంతు సవరించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, "ఫ్యాన్ వెయ్" అన్నాడు.

"క్షమించండి, మీరన్నది అర్థం కాలేదు," అంది ఫోన్.

ఇంకోసారి. అదే మాట. మూడోసారీ అదే. నాలుగోసారి, దగ్గర్లోని పాల కేంద్రానికి దారి చూపించమంటారా అని అడిగింది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. చుట్టాల ముందు నోరు విప్పని మనిషిని తీసుకెళ్లి ఒక యంత్రం ముందు కూర్చోబెట్టింది. కానీ ఆ కోపంతో పని ఆపలేదు.

"తప్పు మీది కాదు, దానిది," అంది. "వంద మైళ్ల అవతల, ఉరుముల్లో ఎవరు గొణిగినా నేను విన్నాను. దీనికి చెవి పక్కన చెప్పినా వినపడదు. మా ఎక్స్చేంజిలో అయితే దీన్ని ఒక్క పూట ఉంచేవాళ్లు కాదు."

ఆయన వీపు కదిలింది. నవ్వుతున్నాడు.

అట్టపెట్టెలో పక్కన పడేసిన రిమోట్ అప్పుడు బయటికి వచ్చింది. రెండు మీటలు, రెండూ చదునుగా, వేలికి తెలియనంత చిన్నవి. ఆయన బొటనవేలు వాటిమీద జారిపోయింది. ఆమె గుండీల డబ్బా తీసి, పెద్ద కోటు గుండీ ఒకటి ఏరి 'వెయ్యి' మీట మీద జిగురుతో అంటించింది. 'ఆపు' మీద చిన్న చొక్కా గుండీ. జారి కింద పడకుండా రిమోట్‌కు తాడు కట్టి మంచం కమ్మీకి ముడేసింది. ఆ సాకెట్‌కే తగిలించిన పాత స్టాండు ఫ్యాన్ మీటను రెండో అంకె మీద తిప్పి ఉంచింది. ఇక కరెంటు వస్తే అదే తిరుగుతుంది.

మొదటిరోజు తొమ్మిదిసార్లు నొక్కితే రెండుసార్లు పడింది. వేలు అలిసిపోయి ఆయన రిమోట్ వదిలేశాడు.

"కుడి చెయ్యి పోయింది, ఎడమ చేత్తో ఏమవుతుందే?"

"ముప్పై ఒక్క ఏళ్లు గేర్లు మార్చింది ఏ చెయ్యి?"

ఆయన తన ఎడమ చేతిని తిప్పి చూసుకున్నాడు. ఆ సాయంత్రం ఆమె వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే గదిలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తూనే ఉంది. ఫ్యాన్ తిరగడం, ఆగడం, తిరగడం. ఆమె వెళ్లి చూడలేదు. నీళ్లు కాస్త ఎక్కువసేపు వదిలి గిన్నెలు నెమ్మదిగా కడిగింది.

వారం తిరిగాక మళ్లీ మందులకు వెళ్లాల్సి వచ్చింది. వరుస మళ్లీ పొడుగ్గానే ఉంది. ఫోన్ తీయకూడదని అనుకుంది, సంచి మీద చెయ్యి వేసి నిలబడింది. మనసు ఊరుకుంటేనా? తీసి చూసింది. ఫ్యాన్ ఆన్, పదకొండూ ఇరవై. నొక్కింది ఆమె కాదు. మొహం విప్పారింది. ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగి, "ఏంటమ్మా, ఏదైనా శుభవార్తా?" అంది.

"మా ఆయన ఫ్యాన్ వేసుకున్నాడు," అంది ట్రంకాలమ్మ. ఆవిడకేం అర్థం కాలేదు, అయినా నవ్వింది.

ఇంకో మధ్యాహ్నం, బయట మబ్బు కమ్మి, గది చల్లబడింది. ఆమె మంచం పక్క కుర్చీలోనే కునుకు తీసింది. ఉన్నట్టుండి ఫ్యాన్ హోరు తగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. కరెంటు పోయిందేమోనని చూస్తే ఫ్రిజ్ నడుస్తూనే ఉంది. ఆయన బొటనవేలు ఇంకా చిన్న గుండీ మీదే ఉంది.

"చలికి ముడుచుకుపోయావు," అన్నాడు.

చీమతలల కాగితం ముందు తడవని ఆమె కళ్లు ఆ మాటకు తడిశాయి. కుర్చీలో సర్దుకుని, కళ్లజోడు తుడుచుకుంది.

కాసేపటికి ఆయనే మళ్లీ అన్నాడు. "రేడియోకి కూడా ఒకటి పెట్టు."

ఆమె లేచి, రేడియో వెనకాల గోడ మీది సాకెట్ తట్టి, పెట్టె లోతు ఎంతుందో చూడటం మొదలుపెట్టింది.

"వినపడిందా, లేదా?"

"వినపడిందండీ. పొద్దున్నే షాపుకెళ్తా. ఈసారి స్క్రూలు మీరు పట్టుకోవాలి, నాకు రెండు చేతులే ఉన్నాయి."